పగిడయ్య పురుడు

రామక్క ఊపిరిని చెవితో చూస్తుంది. కళ్ళు కొంచెం మసకబారాయి గానీ చెవులు మాత్రం పాముచెవులు. అప్పుడే పుట్టిన బిడ్డ వీపుకు చెవి ఆనించి, వాడింకా గొంతు విప్పకముందే బతుకుతాడో లేదో చెప్పేది. పాల్వంచ దాటి భద్రాచలం పోయే దారిలో, టేకుచెట్లు చిక్కబడే చోట ఉన్న ఆ ఊళ్ళో ఇవాళ మీసం దువ్వుకుని తిరిగే మగాళ్ళలో సగంమందికి బొడ్డు కోసింది ఆమే. ఆ సంగతి వాళ్ళు మరిచిపోతే నలుగురిలో గుర్తు చేసేదీ ఆమే.

దవాఖానాలు దగ్గరయ్యాక కాన్పులు ఆమె చేతిలోంచి పోయాయి. బాలింతలు మాత్రం పోలేదు. ఎక్కడ కననీ, ఇంటికి తెచ్చాక నడికట్టు కట్టేది, చెవుల్లో దూది పెట్టేది, కాయం మందు ఉండ మింగించేది రామక్కే. ఇరవై ఒక్క రోజులు మంచం దిగనివ్వదు. మంచినీళ్ళు గుక్కెడే. ఆ రోజులు నిండాక బాలింతను బోరింగు దగ్గరికి నడిపించుకుపోయి, దాని పిడికి పసుపు రాయించి, చెంబెడు నీళ్ళు పట్టించి ఇంటికి తెస్తుంది. వెనకటికి ఈ పూజ బావికి చేసేవాళ్ళు. బావులు పూడిపోయాక బోరింగే గంగమ్మ అయింది. అక్కడితో పురుడు తీరినట్టు. “నా చేతి బాలింత ఒక్కతి చెడలె” అనేది రామక్క. ఆ మాటకు ఎదురు చెప్పగల నోరు ఆ ఊళ్ళో పుట్టలేదు. పుట్టినా దాని బొడ్డూ ఆమే కోసి ఉండేది.

ఆమెకున్నది ఒక్కడే తమ్ముడు, పగిడయ్య. వాణ్ణి కని తల్లి కన్నుమూసింది. వాడూ ఏడవలేదు. నేరేడుపండు రంగులో చలనం లేకుండా పడి ఉంటే, అప్పటి మంత్రసాని అరికాళ్ళు రుద్దింది, వీపు తట్టింది, నోట్లో నోరు పెట్టి ఊదింది. గడప అవతల నిలబడి చూస్తున్న చిన్నపిల్ల రామక్కకు పిల్లికూన మూలిగినట్టు ఒక చప్పుడు వినబడింది. ఒక ఒంట్లోకి గాలి మొట్టమొదటిసారి పోయే చప్పుడు. ఆ చప్పుడు కోసమే తర్వాత ఆమె బతుకంతా పురిటిళ్ళ చుట్టూ తిరిగింది.

తమ్ముణ్ణి చంకన వేసుకుని పెంచింది. వాడు పెద్దవాడై బొగ్గుబాయిలో పనికి కుదిరాడు, సమ్మక్కను పెళ్ళాడాడు, పని దిగేనాటికి దగ్గు వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. అది దేనివల్ల వచ్చిందో డాక్టర్లే తేల్చలేదు. బొగ్గో, బీడీయో, ఒంట్లో తనంతట పుట్టిన పీడో. ఊపిరితిత్తులు ఎండిన బీరకాయ పీచులా గట్టిపడ్డాయన్నారు. రామక్క చెవి పెడితే ఎండుటాకుల మీద పాము పాకినట్టు గరగర. ఆఖరికి ముక్కులో గొట్టం, మంచం పక్కన ఆక్సిజన్ మిషను, ముద్దకూ ముద్దకూ నడుమ ఆయాసం. హైదరాబాదు డాక్టర్లు ఇక ఊపిరితిత్తులు మార్చడం తప్ప దారి లేదన్నారు.

“మార్చనీకి అవి చెప్పులార్రా?” అంది రామక్క.

ఎవరో పాతికేళ్ళ పిల్లవాడట, రోడ్డు మీద పడి మళ్ళీ లేవలేదట. కన్నవాళ్ళు ఏడుస్తూనే సరే అన్నారట. వాళ్ళ పేరు చెప్పరట, ఊరు చెప్పరట. ఆ పిల్లవాడి ఊపిరితిత్తులు రెండూ తెచ్చి పగిడయ్య ఛాతీలో పెట్టి కుట్టారట. ఇదంతా సమ్మక్క ఫోనులో చెబుతుంటే రామక్క మేకల్ని అదిలిస్తూ విన్నది. విన్నదే గాని నమ్మలేదు.

ఆపరేషను తర్వాత దవాఖానా పక్కనే గది కిరాయికి తీసుకుని మొగుడూ పెళ్ళాం నెలల తరబడి ఉన్నారు. అక్కడ నజియా అనే పిల్ల పగిడయ్య చేత ఊపిరి కసరత్తులు చేయించేది, చెయ్యి పట్టుకుని నడిపించేది. ఖమ్మం పిల్లే, ఫిజియో చదివింది. ఇంటికి పంపేటప్పుడు సమ్మక్కను కూర్చోబెట్టి మరీ చెప్పింది: పొద్దునా సాయంత్రం నడవాలి, నీళ్ళు బాగా తాగాలి, ఒకేచోట పడి ఉంటే కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ కదిలి పైకి పోతే కొత్త ఊపిరితిత్తికే ఎసరు. సమ్మక్క బుద్ధిగా తల ఊపింది.

ఊరికి తెచ్చింది సిరాజుద్దీన్ ఆటో. పగిడయ్యతో కలిసి బొగ్గుబాయిలో షిఫ్టులు చేసినవాడు. పాల్వంచ బస్టాండులో వాళ్ళను ఎక్కించుకుని, దారంతా గుంత గుంతకూ ఆటో ఆపి, పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాడు. పగిడయ్య దిగాడు. ముక్కులో గొట్టం లేదు. ఎవరి భుజమూ పట్టలేదు. వాకిలి దాటి, గడప దాటి, తన కాళ్ళ మీద తాను లోపలికి నడిచి వచ్చాడు.

రామక్క సబ్బుతో చేతులు కడుక్కుని వాడి చొక్కా విప్పించింది. ఈ చంక నుంచి ఆ చంక దాకా కుట్టు గీత. మనిషిని పెట్టెలా తెరిచి మూసినట్టుంది. దాన్ని వేలితో ముట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. వీపు వైపు తిరిగి చెవి ఆనించింది.

ఎండుటాకులు లేవు. పాము లేదు. రాత్రంతా వాన కొట్టి వెలిసిన పొద్దున అడవిలో గాలి తిరిగినట్టు, మెత్తగా నిండుగా లోపలికి పోయింది, బయటికి వచ్చింది. అది తమ్ముడి ఊపిరి కాదు. ఆ ఊపిరి పుట్టిననాటి నుంచీ ఆమెకు తెలుసు. ఇది ఎవరిదో. చచ్చిపోయాడన్న ఒక పిల్లవాడి ఊపిరి, చావకుండా, ఆమె తమ్ముడి పక్కటెముకల కింద ఆడుతోంది. చాలాసేపు ఆమె చెవి తీయలేదు. రామక్క నోరు అంతసేపు మూతపడి ఉండటం సమ్మక్క కాపురానికి వచ్చాక చూడలేదు.

“నువ్వు మళ్ళ పుట్టినవురా తమ్మీ,” అంది చివరికి.

చిక్కంతా ఆ మాటతోనే వచ్చింది. మళ్ళీ పుట్టాడు గనక వాడు పసిబిడ్డ. ఒళ్ళు చీల్చుకుని ప్రాణాన్ని తెచ్చుకున్నాడు గనక బాలింతా వాడే. ఇద్దరికీ రామక్క ఎరిగిన మర్యాద ఒక్కటే. హైదరాబాదులో గడిచిన నెలలు ఆమె లెక్కలోకి రావు. సొంత గడప తొక్కిన పొద్దు నుంచే పురుడు.

సమ్మక్క గొణిగింది. “వదినె, నడిపియ్యమన్నరు.”

“అన్నదెవరు? ఇంకా పెండ్లిగాని పిల్ల. ఎంతమంది బాలింతలకు నీళ్ళు పోసింది?”

సమ్మక్క మంచం మీద బొంత పరిచింది. ఆ ఇంట్లో ఆడబిడ్డ మాట మీద మాట లేదు. పగిడయ్యకైతే సంతోషమే. ప్రయాణం బడలిక ఉంది, పైగా చిన్నప్పటి నుంచీ అక్క పడుకోమంటే పడుకున్నవాడు. రామక్క వాడికి తలగుడ్డ చుట్టింది, చెవుల్లో దూది పెట్టింది, నడుము నుంచి తొడల దాకా నడికట్టు బిగించింది, కాళ్ళు చాపి దగ్గరగా కలిపి పెట్టించింది. మంచం కింద కుంపటి మాత్రం పెట్టలేదు. పొగ పనికిరాదని ఆమెకూ తెలుసు. ఇసుక వేయించి మూటగట్టి కాపడం పెట్టింది. కాయం ఉండ డాక్టరిచ్చిన మాత్రలతో పడదని సమ్మక్క అడ్డం పడితే ఆ ఒక్కదానికి తగ్గింది. గడపకు వేపమండలు కట్టి చుట్టాన్నీ పక్కాన్నీ లోపలికి రానివ్వలేదు. తుమ్మినవాణ్ణి వాకిట్లోంచే తరిమింది.

సిరాజుద్దీన్‌కు కూడా కిటికీ అవతలే చోటు. మూతికి మాస్కు కట్టుకుని చూరు కింద నిలబడి అడిగాడు. “ఏం పగిడన్నా, మొగపిల్లగాడా, ఆడపిల్లా?”

“కవలలు సిరాజన్నా,” అన్నాడు పగిడయ్య తలగుడ్డ సర్దుకుని. “కుడిపక్కకొకడు, ఎడమపక్కకొకడు.”

నజియా వీడియోలో పిలిచినప్పుడు రామక్కే ముందు కూర్చునేది. నడుస్తున్నాడా అని ఆ పిల్ల అడిగితే, అవ్ బిడ్డా, జింకపిల్ల లెక్క నడుస్తున్నడని చెప్పేది. నీళ్ళు తాగుతున్నాడా అంటే కుండకు కుండ అనేది. వెనక మంచం మీద పగిడయ్య నవ్వు ఆపుకునేవాడు. సమ్మక్క ఫోను కంటికి చిక్కకుండా పక్కకు జరిగేది. రామక్కకు అది అబద్ధంలా తోచలేదు. చంటిపిల్లను మురిపించినట్టు ఆ పిల్లను మురిపిస్తున్నాననుకుంది.

పురుడు సగం దాటాక పగిడయ్య ఎడమ పిక్క లాగుతోందన్నాడు. రామక్క చూసింది. వాచి ఉంది, ముట్టుకుంటే వేడిగా ఉంది. బాలింతలకు కాళ్ళు నీరు పట్టడం ఆమె ఎన్నిసార్లో చూసింది. ఆముదం వెచ్చబెట్టి, మడమ నుంచి మోకాలి దాకా పైకి పైకి గట్టిగా తోమింది. పగిడయ్యకు హాయిగానే అనిపించింది. కాసేపటికి దొడ్డికి పోవాలని లేచాడు. వాకిలి తలుపు దాకా పోయాడు. అక్కడ తలుపు పట్టుకుని, నరికిన చెట్టు ఒరిగినట్టు మెల్లగా ఒరిగి కూలబడ్డాడు.

“అక్కా... అందుతలేదు,” అన్నాడు.

రామక్క ఎగిరి వచ్చి వీపుకు చెవి పెట్టింది. గాలి లోపలికి పోతోంది. గాలి బయటికి వస్తోంది. గరగర లేదు, ఈల లేదు, అడ్డు లేదు. మొదటి రోజు విన్న ఊపిరే, కాకుంటే పరుగెడుతోంది. చెవికి అంతా బాగానే ఉంది. కంటి ముందు మాత్రం మనిషి నీళ్ళలో మునుగుతున్నవాడిలా నోరు తెరిచి కొట్టుకుంటున్నాడు, పెదవులు నేరేడుపండు రంగుకు తిరుగుతున్నాయి. ఆ రంగు ఆమె ఎరుగును. గడప అవతల నిలబడి చూసిన రంగే.

అన్నేళ్ళుగా ఆమెకు ఒక్క తప్పుడు మాట చెప్పని చెవి ఆనాడు చెప్పింది.

సమ్మక్క వాడి వేలికి ఆక్సిజన్ కొలిచే మిషను తొడిగి, అందులో అంకె చూసి, నజియాకు ఫోను కలిపింది. ఆ పిల్ల మొదట అడిగింది ఊపిరి సంగతి కాదు, కాళ్ళ సంగతి. ఏ కాలైనా వాచిందా? రోజూ నడిచాడా? సమ్మక్క ఆడబిడ్డ వైపు చూసింది. తప్పు కప్పుకోవాలంటే అప్పుడు రామక్కకు ఒక్క అబద్ధం చాలు. నడిచిండు, కాలు మంచిగనే ఉన్నది అంటే అయిపోయేది. తమ్ముడు కూడా అయిపోయేవాడు. ఫోను లాక్కుంది.

“నడువలె బిడ్డా. నేనే నడువనియ్యలె. నీళ్ళు గూడ పొయ్యలె. ఎడమకాలు వాచింది. ఆముదం పెట్టి నేనే తోమిన.”

అవతల నజియా తిట్టలేదు. “ఇంక కాలు ముట్టకండి పెద్దమ్మా. నడికట్టు విప్పండి, తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టండి. అంబులెన్స్‌కు నేను చెప్తున్నా. ఖమ్మంల డాక్టరుకు గూడ నేనే చెప్తా, మీరు చెప్పింది మొత్తం.”

రామక్క కట్టిన ముళ్ళు రామక్కకే ఊడిరాలేదు. కొడవలి తెచ్చి కోసింది.

అంబులెన్సులో వాడి ముక్కుకు మళ్ళీ గొట్టం పెట్టారు. టేకుచెట్లు వెనక్కి పోతుంటే రామక్క తమ్ముడి అరచెయ్యి పట్టుకుని కూర్చుంది. ఏ దేవుడికీ మొక్కలేదు. ఆ పిల్లవాడితో మాట్లాడింది, పేరు తెలియనివాడితో. నాయినా, నిన్ను మా ఇంటికి పంపిన నీ తల్లికి నేనేం జవాబు చెప్పాలె, పోకు, జర ఓర్చుకో అని మనసులోనే బతిమాలింది. తమ్ముడు పోతే ఒక్క ప్రాణం కాదు, రెండోసారి ఆ పిల్లవాడూ పోతాడు. అది ఆమెకు అప్పుడే తట్టింది.

ఖమ్మం దవాఖానాలో వాళ్ళు తయారుగా ఉన్నారు. గుచ్చవలసింది గుచ్చి, పెద్ద గుండ్రటి మిషన్లోకి పంపి ఫోటో తీశారు. నాకూ చూపియ్యాలని రామక్క తలుపు దగ్గర బైఠాయించింది. పొమ్మంటే పోయే మనిషి కాదని తెలిసి డాక్టరు పిలిచాడు.

తెరకు ముక్కు ఆనేంత దగ్గరికి వంగి చూసింది. నల్లటి తెర మీద ఒక చెట్టు ఉంది. ఆకు రాలిన ఎండాకాలపు ఇప్పచెట్టులా బోదె, కొమ్మలు, కొమ్మకు రెమ్మలు, రెమ్మకు వెంట్రుకల్లాంటి ఈనెలు. అన్నీ తెల్లగా వెలుగుతున్నాయి. రామక్క ఇన్నేళ్ళు చెవితో విన్నదాన్ని ఎవరో బొమ్మగీసి చూపించినట్టుంది. మనిషి లోపల అడవి ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒక పెద్ద కొమ్మ మాత్రం సగంలో నల్లబడి, అక్కడి నుంచి రెమ్మలు కనబడటం లేదు. కాలులో పుట్టిన గడ్డ గుండె గుండా పోయి అక్కడ ఇరుక్కుందట.

“గాలి మంచిగనే పోతున్నది గద సారూ, నేను విన్న,” అంది.

విన్నది నిజమే అన్నాడు డాక్టరు. గాలి పోతోంది, ఆ గాలిని అందుకోవలసిన రక్తమే రావడం లేదు. ఊపిరి అంటే గాలి ఒక్కటే కాదు, గాలీ రక్తమూ కలిసే చోటు. పైగా మామూలు ఊపిరితిత్తికి రక్తం పోయే దారులు రెండుంటాయి, ఒకటి పెద్దది, ఒకటి సన్నది. మార్చి పెట్టినప్పుడు సన్నదాన్ని కలపడం మామూలుగా కుదరదు. పెద్ద దారి ఒక్కటే దిక్కు.

రామక్కకు ఇంకెవరూ విడమర్చనక్కర్లేకపోయింది. అడవి లోపల ఒక్కటే బాట ఉన్న గూడేలకు ఆమె కాన్పులు చేయడానికి పోయింది. వానాకాలం ఆ బాట మీద ఒక చెట్టు పడితే లోపలున్నవాళ్ళ గతి ఏమిటో ఆమెకు తెలుసు. అన్నం ఉంటుంది, నీళ్ళుంటాయి, మనిషి రాడు. ఆ చెట్టును తెచ్చి అడ్డంగా వేసింది తానే.

“గడ్డను కరిగించే మందిస్తున్నరా?”

“ఈ ఇంజక్షను గడ్డను కరిగించదు పెద్దమ్మా. పెరగకుండా ఆపుతది, కొత్తది పుట్టకుండా చూస్తది. ఉన్నదాన్ని కరిగించుకునేది ఆయన రక్తమే.”

రామక్క నోరు తెరిచి ఆ మాట విన్నది. గడ్డకట్టిందీ రక్తమే, కరిగించేదీ రక్తమే. ఎన్ని కాన్పుల్లో ఎంత రక్తం చూసింది! గుడ్డలతో తుడిచింది, నీళ్ళతో కడిగింది, మైల అని దూరం పారబోసింది. దానికి ఇంత బుద్ధి ఉందని ఒక్కనాడూ అనుకోలేదు. తాను ఊళ్ళో అంత పేరుమోసిన మంత్రసాని. తన వేలి కొసలో ఉన్న రక్తపుచుక్కకు తనకంటే ఎక్కువ తెలుసు.

నిలకడ పడ్డాక హైదరాబాదుకు మార్చారు. అక్కడ రామక్క వార్డు బయట కూర్చుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా తమ్ముడి పెదవుల రంగు చూసింది. రోజు రోజుకూ నేరేడు రంగు తగ్గింది. ఆయాసం తగ్గింది. ఒకనాటికి గొట్టం తీశారు. మళ్ళీ ఫోటో తీస్తే, నల్లబడ్డ కొమ్మ కొసన సన్న రెమ్మలు ఒక్కొక్కటే తెల్లబడుతూ కనిపించాయి. తొలకరికి చిగురు వేస్తున్న చెట్టును చూసినట్టు చూసింది. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఎదురుగా దేవుడు లేడు, తెర ఉంది. అయినా దించలేదు.

నజియా వచ్చినప్పుడు రామక్క లేచి నిలబడింది. ఊళ్ళో సర్పంచి వచ్చినా లేవని మనిషి. చూస్తే ఆ పిల్ల పీలగా, మనవరాలి వయసు. తిడుతుందేమోనని రామక్క మొహం గట్టిగా పెట్టుకుంది. నజియా కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. చుట్టాల్ని రానివ్వకపోవడం మంచి పని, ఒక్క జలుబు కూడా అంటలేదని చెప్పింది. ఆనాడు ఫోనులో నిజం చెప్పడం ఇంకా మంచి పని, దానివల్లే ఖమ్మంలో తడుముకోకుండా మొదలుపెట్టారని చెప్పింది. తర్వాత ఆ పురుడు సంగతేమిటో, ఆఖరి రోజు ఏం చేస్తారో అడిగింది. రామక్క బోరింగు పూజ గురించి చెప్పింది.

“ఎంత దూరం పెద్దమ్మా బోరింగు?”

“మా ఇంటికాడికెల్లి ఊరి కొసకు. బాలింతలు నడుమల ఒకసారి కూసుంటరు.”

ఆ పిల్ల ఎందుకడిగిందో రామక్కకు తెలిసింది. తల ఎత్తి, తీర్పు చెప్పినట్టు అంది. “ఆఖరినాడు చేసే పూజ మొదటినాడు చేస్తే గంగమ్మ వద్దంటదా? అనదు. మా తమ్మునికి పొద్దునొక పూజ, మాపునొక పూజ.”

అట్లాగే జరిగింది. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే పగిడయ్య మాస్కు పెట్టుకుని, చేత చెంబు పట్టుకుని బయలుదేరాడు. జేబులో రక్తం పలచబరిచే మాత్రలున్నాయి, వేళకు గుర్తు చేయడానికి సమ్మక్క ఉంది. వెనక రామక్క, చేతిలో పసుపు పొట్లం, చంకలో నీళ్ళ సీసా. నాలుగు ఇళ్ళకొకసారి ఆపి నీళ్ళు తాగించింది. దడుల వెనక ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. మగ బాలింతను ఎవరు చూశారు కనుక. రామక్క తిరిగి చూసేసరికి నవ్వులు ఆగిపోయాయి.

సిరాజుద్దీన్ ముందే వచ్చి బోరింగు దగ్గర నిలబడ్డాడు. కొట్టేది నేను, పట్టేది నువ్వు, ఇదే మన షిఫ్టు అన్నాడు. పగిడయ్య పిడికి పసుపు రాసి చెంబు కింద పెట్టాడు. నీళ్ళు భళ్ళున దూకాయి.

రామక్క వంగి ముందు తమ్ముడి పిక్కలు రెండూ చూసింది. తర్వాత వేలికి మిషను తొడిగి, అంకె సిరాజుద్దీన్ చేత చదివించుకుంది. చెవి పెట్టింది ఆ రెండూ అయ్యాకే. ఇప్పుడు వరస అది. బోరింగు ఆగింది. అంతమందిలో, రోడ్డు మధ్యన, ముసలిది తమ్ముడి వీపుకు చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. గాలి పోతోంది, వస్తోంది. దాని కింద, ఇదివరకు ఏనాడూ పట్టించుకోని గుండె చప్పుడు కూడా వింది. బాట తెరిచి ఉంది. ఆ బాట మీద పేరు తెలియని పిల్లవాడికి సద్దిమూట మోసుకుపోతున్నట్టు రక్తం నడుస్తోంది.

“ఏమినపడ్తున్నదక్కా?” అన్నాడు పగిడయ్య.

“చెంబు నిండింది. పా ఇగ. ఆ పిల్లగానికి ఎండ పడదు.”

ఇప్పుడు ఆ ఊళ్ళో బాలింతలు మూడోనాటికే బోరింగు దాకా నడుస్తున్నారు, అడిగినన్ని నీళ్ళు తాగుతున్నారు. ఇదేం కొత్త ఆచారం రామక్కా అని అడిగితే, మీకేం ఎరుక, ఇది శానా పాతది అంటుంది. ఎంత పాతదో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. పగిడయ్యకు ఉంది గానీ వాడు నవ్వి ఊరుకుంటాడు. మాపటేళ అక్క పసుపు పొట్లం తీసే చప్పుడు వినబడగానే చెంబు అందుకుని లేస్తాడు.